వెలుగోడుకు ఎనిమిది మీటలు

మా వెలుగోడు పేరు కంటికి నాలుగక్షరాలు. ఇన్‌స్క్రిప్టులో, షిఫ్టును లెక్కించకుంటే, ఎనిమిది మీటలు. యూనికోడులోనూ ఎనిమిది సంకేతాలే. ఈ పొందిక ఇస్కీ నాటిది. 1991 నాటి ఆ ప్రమాణంలోనే ఇన్‌స్క్రిప్టు అమరికా ఉన్నది. 2006లో వీవెన్ గారి లేఖిని ఆంగ్లాక్షరాలతో తెలుగు వ్రాసే దారిని సులభం చేసింది.

జపానీయులది మరింత చిక్కుదారి. 1978లో తోషిబా ప్రకటించిన జేడబ్ల్యూ-10 యంత్రం కానా లిపిలో కొట్టినదాన్ని కంజీలోకి మార్చేది. 'హషి' అంటే వంతెనా, భోజనపు పుల్లలా అన్నది సందర్భమే తేల్చాలి. కనుక అక్కడ పరీక్షకు వాక్యాలు కావాలి. మనకు ఆ సందిగ్ధం లేదు: ఒక అమరికలో ఒక మీటల వరుసకు ఒకే సమాధానం.

అయినా కంటిని నమ్మరాదు. 'శ్రీశైలం'లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండుగానూ నిల్వచేయవచ్చు. తెరపై భేదం కనబడదు. రెంటినీ ఏకరూపం చేయని వెతుకులాటలో మాత్రం ఒకటి దొరికితే రెండవది దొరకదు. వ్రాసినది ఉండీ లేనట్లే!

అందుకే అమరిక మారిన ప్రతిసారీ ప్రోగ్రామే మీటలు నొక్కి, వచ్చిన సంకేతాలను సరిచూడాలంటాను. యవత్తుకు నంద్యాల, ళవత్తుకు ఆళ్ళగడ్డ, ఐత్వానికి శ్రీశైలం నా జాబితాలోనివి. మీ ఊరి పేరు దేనికి పనికివస్తుందో చూడండి.