ఫారంలో రాయని మాట

మార్చి 1. ఇంగ్లండ్‌లో పదకొండేళ్ల పిల్లలకు ఏ హైస్కూల్లో సీటొచ్చిందో తెలిసే రోజు. లండన్ శివార్లలో ఉంటున్న ఆ తెలుగు కుటుంబానికి ఇంటి దగ్గరి బడి దక్కలేదు. రెండు బస్సులు మారి వెళ్లాల్సిన బడి వచ్చింది.

దగ్గరి బడి కోసం అప్పీలు ఫారం భర్తే నింపాడు. ఇంటర్‌ప్రెటర్ కావాలా అన్న చోట ఆగి, "నేనున్నాగా, ఎందుకు?" అన్నాడు.

"ఉండనివ్వండి. నేనూ మాట్లాడాలి" అని భార్య పట్టుబట్టి టిక్కు పెట్టించింది.

జూన్‌లో విచారణ. బల్లకు అటువైపు ముగ్గురు ప్యానెల్ సభ్యులు, పక్కన రాసుకుంటూ క్లర్కు. సీట్లు నిండాయని, ఇంకొకరిని చేర్చుకుంటే ఉన్న పిల్లల చదువు దెబ్బతింటుందని బడి తరఫు మనిషి వాదించాడు. ఇంటర్‌ప్రెటర్ ప్రతి మాటా ఆమెకు తెలుగులో చెబుతూనే ఉంది. తర్వాత భర్త మొదలుపెట్టాడు. మంచి బడి, మంచి రిజల్ట్స్, పాప బాగా చదువుతుంది. అన్నీ నిజాలే. కానీ ప్యానెల్ చివరికి తూచేది వేరు: బడికి కలిగే నష్టం ఎక్కువా, ఈ పిల్లకు ఆ బడే కావాల్సిన కారణం బలమైనదా అని.

చైర్‌పర్సన్ ఆమె వైపు తిరిగింది. "మీరేమైనా చెబుతారా?"

ఆమె భర్త ముఖంలోకి చూసింది. అతను తల దించుకున్నాడు.

"మీరు చెప్పండమ్మా. ఎలా అంటే అలాగే చెబుతాను" అంది ఇంటర్‌ప్రెటర్.

"చిన్నవాడికి ఫిట్స్ వస్తాయి. ఎక్కువగా తెల్లవారుజామునే. ఈయనకు నైట్ డ్యూటీలు. వాణ్ని వదిలి నేను గడప దాటలేను. అలాంటి రోజు పాపను తీసుకెళ్లే దిక్కులేక దాని బడి పోతోంది. దగ్గరి బడైతే తనే వెళ్లగలదు. నలుగురికీ తెలుస్తుందని ఈయన ఫారంలో రాయనివ్వలేదు."

హ్యాండ్‌బ్యాగులోంచి మడతలు పడ్డ ఆసుపత్రి ఉత్తరం తీసింది. గడువు దాటాక వచ్చిన కాగితాన్ని చూడాలా వద్దా అన్నది ప్యానెల్ ఇష్టం. బడి మనిషి చదివాక, వాళ్లూ చదివారు.

ఆ మాట భర్త నోటి నుంచి ఎప్పటికీ వచ్చేది కాదు. ఇంట్లోవాళ్లు ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చుంటే ఇంటి పరువు కూడా పక్కనే కూర్చుంటుంది. ఇక ఆ పని పిల్లలకు అప్పజెప్పడం మరీ అన్యాయం.

ఐదు బడి రోజుల్లోపే నిర్ణయం ఉత్తరంగా వచ్చింది. పాపకు సీటిచ్చారు. ప్యానెల్ తీర్పును బడి పాటించి తీరాలి.

మీ వాళ్లెవరైనా ఇంగ్లండ్‌లో ఇలా అప్పీలు చేస్తుంటే ఒక్క మాట చెప్పండి. ఇంటర్‌ప్రెటర్ కావాలని ఫారంలోనే రాయమనండి. మరిచిపోతే విచారణకు ముందే క్లర్కుకు తెలపమనండి. ఇంగ్లీషు వచ్చిన భర్త ఇంట్లో ఉన్నా సరే.