రేవుకూ, రేవు కార్మికుడికీ ఒకటే మాట ‘పోర్టువారియో’

స్పానిష్‌, పోర్చుగీసు భాషల్లో ఓడరేవుకు సంబంధించిన దేనినైనా ‘పోర్టువారియో’ అంటారు. రేవు అనే అర్థం గల ‘పోర్టుస్‌’ అన్న లాటిన్‌ పదం దీనికి మూలం. విశేషణంగా రేవు ప్రాంతం, రేవు సుంకం వంటి మాటల్లో ఇది కనిపిస్తుంది. నామవాచకమైతే రేవులో పనిచేసే కార్మికుడని అర్థం. బ్రెజిల్‌లో ఏటా జనవరి 28న ఈ కార్మికుల దినం జరుపుకొంటారు. 1808లో అదే తేదీన ఆ దేశపు రేవులను మిత్రదేశాల ఓడలకు తెరిచారు.

ఓడ లోపల పనికి వేరే పేరు

ఓడలో సరకు సర్దేవారిని స్పానిష్‌లో ‘ఎస్తిబదోర్‌’, పోర్చుగీసులో ‘ఎస్తివదోర్‌’ అంటారు. ఒత్తుగా కూర్చడం అనే అర్థం గల లాటిన్‌ క్రియ నుంచి ఈ పేర్లు వచ్చాయి. సరకు బరువు సమంగా పడకపోతే నడిసంద్రంలో ఓడ ఒరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఇది కేవలం మోత పని కాదు. విశాఖపట్నం రేవులో వినిపించే ‘స్టీవ్‌డోర్‌’ అన్న ఇంగ్లిషు మాట కూడా దీని నుంచి పుట్టినదే.

పేరును బట్టే పని

ఈ తేడా నిఘంటువుతో ముగిసేది కాదు. ఏ పని ఎవరికి దక్కాలో పేరే నిర్ణయిస్తుంది. బ్రెజిల్‌లో 2013 నాటి రేవుల చట్టం కార్మికుల పనిని ఆరు రకాలుగా విభజించింది. ఒడ్డుపై సరకు కదిలించడం ‘కపతజియా’, ఓడలో చేసే పని ‘ఎస్తివా’. సరకు లెక్కింపు, దెబ్బతిన్న మూటలు, పెట్టెల మరమ్మతు, ఓడల శుభ్రత, కాపలా మిగిలినవి.

స్పెయిన్‌లో సరకు దించే సంస్థలు ఒక ఉమ్మడి సంస్థలో వాటాదారులుగా చేరి, అందులోని కార్మికులకే మొదట పని ఇవ్వాలన్న నిబంధన ఉండేది. అది ఐరోపా సమాఖ్య చట్టానికి విరుద్ధమని 2014 డిసెంబరు 11న ఐరోపా న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. దీనిని అమలు చేసేందుకు ప్రభుత్వం తెచ్చిన ఉత్తర్వును 2017 మార్చిలో పార్లమెంటు దిగువసభ తిరస్కరించింది. మేలో మరో ఉత్తర్వుకు ఆమోదం లభించింది.

మన దేశంలోనూ..

ఓడ వస్తేనే కూలి, రాకుంటే పస్తు అన్న దుస్థితి మన రేవుల్లోనూ ఉండేది. రేవు కార్మికుల పేర్లు నమోదు చేసి, పనిని క్రమబద్ధం చేసేందుకు 1948లో చట్టం వచ్చింది. దాని కింద డాక్‌ లేబర్‌ బోర్డులు ఏర్పడ్డాయి. ప్రధాన రేవుల్లో వాటిని పోర్టు ట్రస్టుల్లో విలీనం చేసేందుకు 1997లో మరో చట్టం చేశారు. క్రేన్లు, కంటెయినర్లు వచ్చాక మోత తగ్గింది. జాబితాలో పేరుండాలన్న ఆరాటం మాత్రం ఏ తీరంలోనైనా ఒకటే.