కాలదోషం పట్టిన నోటు: పల్నాడులో పాతబాకీల చరిత్ర

పల్నాడు పల్లెల్లో చేబదులు దాటిన అప్పుకు ఆధారం ప్రోనోటు. అసలు, వడ్డీ, తేదీ వేసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకమో వేలిముద్రో పెడితే నోటు పూర్తయినట్టు. స్టాంపు లేని నోటును తర్వాత జరిమానా కట్టినా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. వడ్డీ లెక్క నెలకు నూటికి ఇంతని చెప్పుకుంటారు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. నాగార్జునసాగర్ కాలువ రాకముందు ఇక్కడి సాగు చాలావరకు వానను నమ్ముకున్నదే. పంట పోయిన ఏడాది నోటు తీరేది కాదు.

తీరని నోటుకు గడువు మూడేళ్లు. 1908 నాటి కాలపరిమితి చట్టంలోనూ, 1963 చట్టంలోనూ ఇదే లెక్క. గడువు దాటితే నోటుకు కాలదోషం పట్టినట్టే, దావా నిలవదు. అందుకే మూడో ఏడు నిండకముందే రుణదాత నోటు పట్టుకుని వచ్చేవాడు. బాకీదారు ఐదో పదో ఇచ్చి, నోటు వెనక తేదీ వేసి, చెల్లు రాసి సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అదీ కుదరకపోతే వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాసేవారు. నాలుగైదుసార్లు తిరగరాస్తే మొదట చేతికందిన సొమ్మెంతో కాగితం మీద కనిపించదు.

1930 దశకపు ఆర్థికమాంద్యంలో ధరలు పడిపోయి ఈ చక్రవడ్డీ నోట్లు రైతు మెడకు చుట్టుకున్నాయి. పల్నాడు భాగంగా ఉన్న గుంటూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. రాజాజీ ప్రభుత్వం తెచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం 1938 మార్చి 22న అమల్లోకి వచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అప్పటికే అసలుకు రెట్టింపు కట్టి ఉంటే బాకీయే లేదు. వంద రూపాయల అప్పుకు వడ్డీ కిందే 150 కట్టిన రైతు ఇంకో 50 ఇస్తే చాలు. తిరగరాసిన నోటైనా మొదట చేతికిచ్చిన సొమ్మునే అసలుగా లెక్కించాలని చట్టం చెప్పింది.

అప్పు నుంచి బయటపడే రెండో దారి దివాలా. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే పిటిషన్‌కు ఇంగ్లిషు పొడి అక్షరాలే పేరయ్యాయి: ‘ఐపీ పెట్టాడు’ అంటే గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో విడమర్చి చెప్పనక్కర్లేదు. అప్పులోళ్లందరి పేర్లూ, ఎవరికెంతో జాబితా రాసి కోర్టులో వేస్తారు. చాలామంది రుణదాతలకు సంగతి తెలిసేది కోర్టు నోటీసు ఇంటికొచ్చాకే. దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి కోర్టు చేతికో, రిసీవర్ చేతికో వెళుతుంది. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు బంధువుల పేర ఊరికే రాసిచ్చిన పొలాన్నీ వెనక్కి లాగవచ్చు. విడుదల ఉత్తర్వు రాకముందు, తన సంగతి చెప్పకుండా 50 రూపాయలో అంతకు మించో అప్పు తెచ్చినా శిక్ష ఆరు నెలల దాకా జైలు. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా మామూలు వ్యక్తులకు సంబంధించిన భాగం అమల్లోకి రాకపోవడంతో పాత చట్టమే నడుస్తోంది.

1967లో సాగర్ నీళ్లు వదిలాక పత్తి, మిర్చి పెరిగాయి, పెట్టుబడీ పెరిగింది. పురుగుమందుల కొట్లో అరువు, మిర్చి కమీషన్ వ్యాపారి దగ్గర బయానా కూడా నోటుకు తోడయ్యాయి. 1977లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం చేసిన రుణ ఉపశమన చట్టం చిన్న రైతుల, కూలీల, చేతివృత్తులవారి బాకీలు కొట్టేసింది. అయినా 1980ల చివర తెల్లదోమ పత్తిని మింగినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

పరపతి అనే మాటకు తెలుగులో అప్పు పుట్టడమనీ, పలుకుబడి అనీ రెండర్థాలు. ఐపీ పెట్టినవాడికి, కాలదోషం చూపి నోటు ఎగ్గొట్టినవాడికి ఊళ్లో ఆ రెండూ కలిసే పోయేవి. ఇప్పుడు ఆ ఎగవేతల జ్ఞాపకం 2000లో ఏర్పడిన సిబిల్ వంటి రుణ సమాచార సంస్థల దగ్గర ఉంది. సమాచారాన్ని అవి కనీసం ఏడేళ్లు భద్రపరచాలి. దావా గడువు దాటిన బ్యాంకు బాకీ కూడా అవి ఇచ్చే నివేదికలో ఉండవచ్చు. కొంత తగ్గించుకుని కట్టిన బాకీ ‘సెటిల్డ్’ అని, బ్యాంకు పద్దుల్లోంచి తీసేసింది ‘రిటన్ ఆఫ్’ అని పడుతుంది. రెండూ కొత్త అప్పుకు అడ్డమే. పూర్తిగా కట్టి, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకుంటే ఖాతా మూసినట్టు నమోదవుతుంది. ఆలస్యాల చిట్టా మాత్రం కొన్నేళ్లు కనిపిస్తుంది.