స్పీడ్ గన్ చూడాలా? రోడ్డు చూడాలా?

నేలకొండపల్లి నుంచి కోదాడ వైపు బండి మీద వెళ్లేటప్పుడు మనం దేన్ని చూస్తున్నాం? రోడ్డునా, స్పీడ్ గన్ ఎక్కడుందోననా?

ఈ గొడవ పాతదే. 1903లో ఇంగ్లాండ్‌లో కార్లకి గంటకు 20 మైళ్ల లిమిట్ పెట్టారు. పోలీసులు పొదల చాటున స్టాప్‌వాచ్‌లతో కాపు కాసేవాళ్లు. వాళ్లకి దొరక్కుండా ఉండటానికే 1905లో కార్ల ఓనర్లు ఆటోమొబైల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. దాని మనుషులు సైకిళ్ల మీద తిరుగుతూ సైగ చేసేవాళ్లు. 1910లో కోర్టు అది తప్పంది. అప్పుడేం చేశారో తెలుసా? రోజూ సెల్యూట్ కొట్టే మనిషి కొట్టలేదంటే, ముందు పోలీసులున్నట్టు! డ్రైవర్ చూపు రోడ్డు వదిలి అతని చేతి మీదకి పోయింది. ఇప్పుడు మన చూపు ఫోన్ అలర్ట్ మీదకి పోయినట్టే.

నిజంగా ధ్యాస తప్పుతుందా? వెస్టర్న్ ఆస్ట్రేలియా యూనివర్సిటీ వాళ్లు సిమ్యులేటర్‌లో చూశారు. 50 లిమిట్‌లో కొందరికి 1 కిలోమీటరు దాటినా ఫైనే అన్నారు. ఇంకొందరికి 11 దాటితేనే అన్నారు. మొదటివాళ్లు పక్కల్లో మెరిసే చుక్కల్ని తక్కువగా గమనించారు. మన ఊళ్లలో ఆ పక్క నుంచే గేదె వస్తుంది, ఆటో వస్తుంది, బడి పిల్లాడు వస్తాడు.

అలాగని గన్‌లు తీసేయమని నేననను. స్పీడ్ రెట్టింపైతే, బ్రేక్ వేశాక బండి ఆగడానికి నాలుగు రెట్ల దూరం కావాలి. లిమిట్ అంచున నడిపేవాడికే మాటిమాటికీ మీటర్ చూడాల్సిన అవసరం. పది తగ్గించి నడిపితే గన్ ఎక్కడుంటే మనకేంటి? పోలీసులూ చాటున కాకుండా కనపడేలా నిలబడాలి. మన కళ్లు మాత్రం రోడ్డు మీదే ఉండాలి.