కందెన కథ: పాత ఇంజనుకు కృత్రిమ తైలము తగునా?

గురజాడ అప్పారావుగారు 1862లో జన్మించిన ఊరు సర్వసిద్ధి రాయవరము. దానికి దగ్గరనున్న అడ్డరోడ్డు కూడలిలో పాత పెట్రోలు అంబాసిడరు కారును పెండ్లిండ్లకు అద్దెకు త్రిప్పుకొను ఒకాయన ఒకనాడు నన్నిట్లు అడిగెను: "మేష్టారూ, ఈ బండికి నలభై ఏళ్ళు. సింథటిక్ ఆయిలు పోస్తే ఇంజను గట్టిగుంటాదని ఒకడంటాడు. సీళ్ళు పోయి కారిపోద్దని ఇంకొకడంటాడు. ఇంజను పోతే నా బతుకే పోద్ది. ఏటి చెయ్యమంటారు?"

ఈ ప్రశ్నకు జవాబు కందెన చరిత్రలో కలదు.

కందెన అను మాట మనకు ఎద్దుబండితో వచ్చినది. మన రైతులు గడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి ఇరుసుకు పూసెడివారు. ఆముదమే ఎందుకు? అది చిక్కనిది, అంతేగాక దాని అణువులు లోహమును గట్టిగా అంటిపెట్టుకొనును. ఈ గుణముచేతనే మొదటి ప్రపంచయుద్ధములో (1914–18) విమానముల రోటరీ ఇంజనులకు ఆముదము పోసిరి. అది పెట్రోలులో సులభముగా కరగదు గనుక ఇంజనులోని కందెన పొర చెడకుండెను. అమెరికా ప్రభుత్వము భారతదేశమునుండి విత్తనములు తెప్పించి ఫ్లోరిడాలో ఆముదపు పంట వేయించెను. 'కాస్ట్రాల్' అను పేరు కూడ ఆముదపు ఆంగ్లనామమునుండి 1909లో పుట్టినదే.

అయితే ఆముదమునకొక లోపము కలదు. వేడిలో గాలితో కలిసి అది బంకగా మారును. అందుచేత మోటారు కార్లలో ఖనిజతైలమే నిలిచినది. కాని ముడిచమురునుండి తీసిన నూనెలో పలురకముల అణువులు కలగలిసి యుండును. కొన్ని చలిలో మైనమువలె పేరుకొనును. కొన్ని వేడికి ఆవిరియై పోవును.

ఒకే తీరు అణువులను రసాయనశాలలోనే కూర్చినచో? 1877లోనే ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ అను శాస్త్రజ్ఞులు హైడ్రోకార్బను నూనెలను కృత్రిమముగా తయారుచేసిరి. 1929లో అమెరికాలో ఒక కంపెనీ వాటిని అమ్మజూచెను గాని కొనువారు లేకపోయిరి. రెండవ ప్రపంచయుద్ధములో చమురు కరవైన జర్మనీ కృత్రిమ తైలములవైపు మొగ్గెను. యుద్ధానంతరము జెట్ ఇంజనుల వేడికి ఖనిజతైలము ఆగలేదు. అప్పుడు ఎస్టరులను వాడిరి. వాటిలో కొన్నిటికి మూలమైన సెబాసిక్ ఆమ్లము దేనినుండి వచ్చుననుకొన్నారు? ఆముదమునుండియే! మన బండి ఇరుసునంటిన ఆముదము రూపు మార్చుకొని మరల ఆకాశమెక్కినది.

కార్లకు కృత్రిమ తైలము విరివిగా వచ్చినది 1970లలో. సీళ్ళు పోవునను భయము పుట్టినదియు అప్పుడే. అది వట్టి పుకారు కాదు. ఖనిజతైలము రబ్బరు సీళ్ళను కొద్దిగా ఉబ్బించి బిగువుగా నుంచును. తొలినాటి కృత్రిమ హైడ్రోకార్బను నూనెలకు ఆ గుణము లేకపోగా సీళ్ళు ముడుచుకొని నూనె కారెను. ఎస్టరులు సీళ్ళను ఉబ్బించును. కనుక తరువాతివారు రెంటిని తగుపాళ్ళలో కలిపి ఆ చిక్కును తీర్చిరి. అయినను ఎండి పగిలిన పాత సీలును ఏ నూనెయు బాగుచేయలేదు. పగుళ్ళలో పేరుకొన్న మడ్డిని కొత్త నూనె కడిగివేసినచో దాగియున్న లోపము బయటపడును. జనులు నింద మాత్రము నూనెపై వేయుదురు.

కాబట్టి చూడవలసినది నూనె పుట్టుక కాదు, మూడు సంగతులు. మొదటిది స్నిగ్ధత. 20డబ్ల్యు-50 అను గుర్తులో మొదటి అంకె చలిలోని చిక్కదనమును, రెండవది 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద చిక్కదనమును తెలుపును. అరిగిన ఇంజనులో సందులు పెద్దవి. 0డబ్ల్యు-20 వంటి పలుచని నూనె అందు నిలువదు, పీడనము పడిపోవును. రెండవది రాపిడిని ఆపు జింకు-భాస్వరపు లవణము. పాత ఇంజనులలో కామ్ ట్యాపెట్టుపై రాచుకొనుచు తిరుగును, దానికిది అవసరము. పొగను శుద్ధిచేయు పరికరము భాస్వరమువలన చెడునను కారణముచేత 2004లో వచ్చిన ఎస్.ఎమ్. ప్రమాణము 30, అంతకు పలుచని నూనెలలో భాస్వరమును తగ్గించినది. మూడవది ఇంజను ఆరోగ్యము.

నేనాయనతో, "వెయ్యి కిలోమీటర్లకు ఎంత నూనె తరుగుచున్నదో ముందు కొలువు" మంటిని. నెల తిరుగకముందే ఆయన వచ్చెను. లీటరుకు పైగా తరిగినదట. పొగ నీలముగా నున్నదట. పిస్టను రింగులు అరిగినవన్నమాట. అట్టి ఇంజనులో ఖరీదైన నూనె పోయుట చిల్లుకుండలో నెయ్యి పోయుటయే. ఆయన పాత 20డబ్ల్యు-50 ఖనిజతైలమునే ఉంచి, మిగిలిన సొమ్ము రింగులకు కూడబెట్టెను. రింగులు, సీళ్ళు మార్చిన పిదప అదే చిక్కదనముగల కృత్రిమ తైలము పోసినను భయము లేదు.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయించవచ్చును. పొడుగాటి గాజుగొట్టములో ఆముదము పోసి గోలీ వదలి, అడుగు చేరుటకెంత కాలము పట్టునో లెక్కించవలెను. గొట్టమును గోరువెచ్చని నీటిలో ఉంచి మరల చూడవలెను. ఆ రెండు కాలముల తేడాయే నూనె డబ్బాపై అంకెలరూపమున నున్నది.