నల్లని పట్టీ – పెట్రోలు పంపు దొంగ

రొక్కమును మూటగట్టి నడుమున దోపుకొని ప్రయాణము చేసిన దినములలో బాటసారికి దొంగ ఎదురుపడి కంటికి కనబడెడివాడు. కార్డు వచ్చిన పిదప దొంగయు కనబడడు. సొమ్ము పోయిన సంగతియు వెంటనే తెలియదు. ఈ మార్పు ఎట్లు కలిగెనో తెలుపుటకు అమెరికాలోని పెట్రోలు పంపు మంచి నిదర్శనము. అచ్చట ఉద్యోగములు చేయుచున్న బిడ్డలు గల తెలుగు కుటుంబములకు ఇది తెలియదగిన చరిత్ర.

1950లో డైనర్సు క్లబ్బు స్థాపనతో కార్డుపై చెల్లించు ఆచారము ఆ దేశమున వ్యాపింపసాగెను. 1960 ప్రాంతమున ఐ.బి.ఎం. సంస్థ ఇంజనీరగు ఫారెస్ట్ పారీ అయస్కాంతపు పట్టీని ప్లాస్టిక్ కార్డునకు అతికింప యత్నించి, జిగురుతో అది వంకరపోవుటచే విసిగి ఇల్లు చేరెననియు, బట్టలు ఇస్త్రీ చేయుచున్న భార్య డొరొతియా ఆ ఇస్త్రీపెట్టె వేడితోనే అంటింపుమని సలహా చెప్పెననియు ప్రసిద్ధి. కార్డు వెనుక కనబడు నల్లని పట్టీ అట్లు పుట్టినది.

ఆ పట్టీయందు కార్డు సంఖ్య, గడువు మొదలగు వివరములు మార్పులేక నిలిచియుండును. చదువు యంత్రము ఎవరిదైనను దానిని చదువగలదు. చదివినదానిని వేరొక కార్డుపై ఎక్కింపవచ్చును. ఆ నకలును బ్యాంకు అసలుగానే యెంచును. పాలపై మీగడను చప్పుడు కాకుండ తీసినట్లు ఈ వివరములను కాజేయుటకే స్కిమ్మింగు అని పేరు.

అమెరికాలో వాహనదారుడు తానే కార్డును పంపులో దూర్చి, తానే ఇంధనము పోసికొనుట వాడుక. పంపుకడ కాపలా యుండదు. పైగా ఒకే తాళపుచెవితో పెక్కు పంపుల తలుపులు తెరచుకొనెడివి. దొంగ నిమిషములలో తలుపు తీసి, లోపలి తీగలకు చిన్న పరికరమును తగిలించి పోవును. ఆపై బ్లూటూత్ సాయమున, కారు దిగకయే వివరములను సేకరించును. రహస్య సంఖ్యకై దాగిన కెమెరానో, దొంగ మీటల పలకనో అమర్చును.

దీనికి విరుగుడు ఐరోపాలో ముందే పుట్టినది. 1974లో ఫ్రాన్సు దేశీయుడు రోలాఁ మొరేనో చిప్పు కార్డునకు పేటెంటు కోరెను. తరువాతి చిప్పు కార్డులు ప్రతి చెల్లింపునకు ఒక క్రొత్త సంకేతమును పుట్టించును. దొంగిలించిన పాత సంకేతము మరల పనికిరాదు. 2015 అక్టోబరు నుండి అమెరికాలో చిప్పు యంత్రము లేని దుకాణముపై నకలు కార్డు నష్టము పడునట్లు కార్డు సంస్థలు నియమించెను. కాని పంపులను మార్చుట మిక్కిలి ఖర్చని వానికి గడువును 2017కును, పిదప 2020కిని, తుదకు 2021 ఏప్రిలుకును జరిపిరి. వీధి తలుపునకు గడియవేసి పెరటి తలుపు తెరచినట్లాయెను. దొంగలు పెరటిదారి పట్టిరి.

మన దేశమున పంపుకడ మనిషి యుండును. 2018 డిసెంబరు 31 నాటికి పట్టీ మాత్రమే గల కార్డులను మార్పవలెనని రిజర్వు బ్యాంకు గడువు విధించెను. అయినను కార్డును పరుల చేతికిచ్చి కంటికి దూరము చేయుట ఇచ్చటను తగదు.

ఈ చరిత్ర నేర్పు పాఠములు కొలదివే. లోపల దాగిన పరికరము ఎంత చూచినను కనబడదు. కావున పంపుపై అంటించిన ముద్ర చినిగినదా, చదువు యంత్రము కదలుచున్నదా యని పరీక్షించుట మంచిదే యైనను చాలదు. పట్టీని గీయుటకంటె కార్డును తాకించి చెల్లించుట మేలు; అది లేనిచోట లోపలి గుమాస్తాకడ చెల్లించుట మేలు. డెబిట్ కార్డునకు బదులు క్రెడిట్ కార్డు వాడినచో ఖాతాలోని నిల్వకు వెంటనే ముప్పు రాదు. రహస్య సంఖ్యను నొక్కునపుడు రెండవ చేతిని అడ్డము పెట్టవలెను.

అన్నిటికంటె ముఖ్యము ఆలస్యము చేయకుండుట. 1978 నాటి అమెరికా చట్టము ప్రకారము డెబిట్ కార్డు పోయినట్లు తెలిసిన రెండు పనిదినములలో తెలిపినచో ఖాతాదారుని నష్టము 50 డాలర్లకు మించదు. ఆలసించినచో 500 డాలర్ల వరకు పెరుగును. బ్యాంకు లెక్క పంపిన 60 దినముల వరకును తెలుపనిచో, ఆపై పోయినదానికి హద్దు లేదు. మన దేశమున, బ్యాంకు తప్పుగాని ఖాతాదారుని తప్పుగాని లేక జరిగిన మోసమును మూడు పనిదినములలో తెలిపినచో ఖాతాదారునిపై భారము లేదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఉత్తరువు చేసెను. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగిన ఫలమేమి?

2033 నాటికి తన కార్డులపై ఆ నల్లని పట్టీ ఉండదని మాస్టర్‌కార్డు సంస్థ 2021లో ప్రకటించినది. ఇస్త్రీపెట్టె అంటించినదానిని కాలము ఊడదీయుచున్నది. అది పూర్తిగ ఊడిపోవువరకు ఖాతాదారుని మెలకువయే దానికి తాళము.