రూట్ కెనాల్ చికిత్స

పంటి లోపలి గుజ్జుకు క్రిములు సోకి అది వాచినా, చచ్చిపోయినా, దాన్ని పూర్తిగా తీసేసి, వేర్లలోని సన్నని కాలువలను కడిగి, సందు లేకుండా పూడ్చి, పన్నును నోట్లోనే నిలబెట్టే చికిత్స రూట్ కెనాల్. జనం ‘నరం తీయడం’ అంటారు, డాక్టర్లు ‘ఆర్‌సీటీ’ అంటారు. ఈ పేరు వినగానే రోగికి నొప్పి గుర్తుకొస్తే అది అతని తప్పు కాదు. ఈ చికిత్స చరిత్రలో చాలా భాగం నొప్పితోనే నడిచింది. ఇవాళ కుర్చీలో కూర్చున్నప్పుడు జరిగే ఒక్కో పనీ ఒక్కో కాలంలో వచ్చి చేరింది.

ముందు పన్ను సంగతి. పైన గట్టి ఎనామిల్, దాని కింద డెంటిన్, మధ్యలో రక్తనాళాలు, నరాలు ఉండే మెత్తని గుజ్జు. పుప్పి ఆ గుజ్జుదాకా చేరితే వాపు వస్తుంది. ఒంట్లో ఇంకెక్కడైనా వాస్తే చర్మం సాగి చోటిస్తుంది. పంటిలో చుట్టూ గట్టి గోడలే, వాపుకు చోటు లేదు. అందుకే ఆ నొప్పి అంత తీవ్రం. పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరిగి రాత్రిపూట మరీ ఎక్కువవుతుంది. కొన్నాళ్లకు గుజ్జు చచ్చిపోయి నొప్పి దానంతటదే ఆగుతుంది. చాలామంది ‘తగ్గిపోయింది’ అనుకునేది ఇక్కడే. నిజానికి క్రిములు వేరు కొన దాటి ఎముకలోకి పోతుంటాయి, తర్వాత చీము పడుతుంది.

పంటిని పురుగు తొలుస్తుందని ప్రపంచమంతా నమ్మింది. బాబిలోనియా మట్టిపలకల మీద పంటి పురుగు కథ ఉంది. సుశ్రుత సంహిత ‘క్రిమిదంతకం’ అనే వ్యాధిని చెప్పింది. మన పల్లెల్లో వాకుడు గింజల పొగ పట్టి పురుగును రాల్చే వైద్యం ఈ నమ్మకంలోంచి వచ్చిందే. నెగెవ్ ఎడారిలో దొరికిన, సుమారు రెండు వేల రెండు వందల ఏళ్ల నాటి ఒక పుర్రెలో ముందుపంటి వేరు కాలువలో 2.5 మిల్లీమీటర్ల కంచు తీగ కనిపించింది. అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పే రాత ఏదీ లేదు.

పురుగును కాదన్నవాడు ఫ్రాన్స్ దంతవైద్యుడు పియెర్ ఫోషార్. 1728లో అచ్చయిన తన గ్రంథంలో, సూక్ష్మదర్శినితో వెతికినా పంటిలో పురుగు కనిపించలేదని రాశాడు. చీము పట్టిన పంటిని సూదితో తెరిచి చీము వదిలించడం, దాల్చినచెక్క నూనెలోనో లవంగ నూనెలోనో ముంచిన దూది పెట్టడం, ఆ తర్వాత సీసంతో పూడ్చడం ఆయన వర్ణించిన పద్ధతి. లోపలిది తీసెయ్యి, శుభ్రం చెయ్యి, మూసెయ్యి అన్న నేటి క్రమం అప్పటికే అందులో ఉంది.

పనిముట్లు 19వ శతాబ్దంలో వచ్చాయి. ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ హడ్సన్ 1809లో వేరు కాలువలను బంగారు రేకుతో నింపాడు. 1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారం స్ప్రింగును ఆకురాయితో సన్నగా అరగదీసి గుజ్జు లాగే ముల్లు చేశాడు. కాలువలను గీకి శుభ్రం చేసే సన్నని పనిముట్లయిన నేటి ఫైళ్లకు అదే మూలం. అదే దశకంలో, నరాన్ని చంపడానికి పాషాణం పెట్టే పద్ధతీ పుట్టింది. అది పంటి బయటికి కారితే చిగురూ ఎముకా కుళ్లిపోయేవి. 1864లో న్యూయార్క్ దంతవైద్యుడు శాన్‌ఫర్డ్ బార్నమ్ పల్చని రబ్బరు షీటుకు రంధ్రం చేసి, పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా బిగించాడు. దాంతో ఉమ్మి, ఉమ్మితో క్రిములు కాలువలోకి పోవడం ఆగింది. దానికి పేటెంట్ తీసుకోకుండా తోటివారికి ఇచ్చేశాడు. ఇది గొప్ప ఉదారత. రబ్బరు షీటు లేకుండా ఈ చికిత్స చేయడం ఇవాళ్టికీ లోపమే. 1867లో బౌమన్ గట్టాపెర్చాతో కాలువలు నింపాడు. మలయా అడవుల్లోని చెట్టు పాలు గడ్డకట్టి తయారయ్యే ఈ పదార్థాన్నే ఆ రోజుల్లో సముద్రం అడుగున వేసిన తంతితీగలకు తొడిగేవారు. ఇప్పటి గులాబీ రంగు పుల్లల్లో ఎక్కువ భాగం జింక్ ఆక్సైడ్, ఐదో వంతు మాత్రమే గట్టాపెర్చా.

ఎక్స్‌రే వచ్చేదాకా కాలువ ఎంత లోతో ఎవరూ చూడలేదు. 1899లో న్యూ ఓర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ కాలువలో సీసపు తీగ పెట్టి ఎక్స్‌రే తీసి, అది వేరు కొనదాకా వెళ్లిందో లేదో చూశాడు. ఆ కిరణాల హాని తెలియక ఏళ్ల తరబడి తన చేతులతోనే పని చేసి, ముందు వేళ్లు, తర్వాత చెయ్యి పోగొట్టుకుని, 1928లో ప్రాణం తీసుకున్నాడు. మన ఫైలు లోతు కొలిచే ఎక్స్‌రే వెనక ఆయన పడ్డ బాధ ఉంది.

తర్వాత ఈ చికిత్సకే గండం వచ్చింది. 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్, కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ బంగారు తొడుగుల కింద క్రిములు మగ్గుతూ ఒళ్లంతటికీ జబ్బు తెస్తున్నాయన్నాడు. వెస్టన్ ప్రైస్ రూట్ కెనాల్ అయిన పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టి చేసిన ప్రయోగాలు ఆ మాటకు బలమిచ్చాయి. కీళ్లనొప్పులకని మంచి పళ్లు కూడా పీకేశారు. 1938లో సెసిల్, ఏంజవైన్ 200 మంది కీళ్లవాతం రోగులను పరిశీలించాక, అలా పీకడం వల్ల జబ్బు నయం కాలేదని తేలింది. ఇవాళ సామాజిక మాధ్యమాల్లో ‘రూట్ కెనాల్ వల్ల క్యాన్సర్’ అంటూ తిరిగే కబుర్లు ఆ పాత వాదానికి పొడిగింపే. దానికి ఆధారం లేదు.

1943లో అమెరికాలో రూట్ కెనాల్ చికిత్స నిపుణుల సంఘం ఏర్పడింది. అసలు శత్రువు ఎవరో 1965లో కకెహాషి బృందం ఎలుకల మీద చూపించింది. క్రిములు లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పంటిని గుజ్జుదాకా తొలిచి వదిలేసినా గుజ్జు బతికి, పైన కొత్త గట్టి పొర కట్టుకుంది. మామూలు ఎలుకల్లో కుళ్లిపోయింది. కాలువలో క్రిములను తగ్గించడమే చికిత్స అన్న సూత్రం ఆ ప్రయోగంతో నిలబడింది. అందుకే ఫైలు తిప్పడం ఎంత ముఖ్యమో, మధ్య మధ్యలో సోడియం హైపోక్లోరైట్‌తో కడగడం అంత ముఖ్యం.

ఫైళ్ల మొన మందం మిల్లీమీటరులో నూరో వంతుల్లో లెక్క. తెల్ల పిడి 15వ నంబరు, మొన 0.15 మిల్లీమీటర్లు; ఎర్ర పిడి 25వది. జాన్ ఇంగిల్ 1958లో ప్రతిపాదించిన ఈ కొలతలు 1970లలో ప్రమాణమయ్యాయి. స్టీలు ఫైలు వంకర కాలువలో సూటిగా పోయి గోడను తొలిచేది. 1988లో వాలియా బృందం పళ్లకు క్లిప్పులు వేసే నికెల్ టైటానియం తీగతో ఫైలు చేసింది. అది వంపు వెంట వంగింది. మోటారుతో తిరిగే నేటి ఫైళ్లు దాన్నుంచి వచ్చినవే.

మత్తు సంగతి కూడా చెప్పుకోవాలి. స్వీడన్‌లో 1943లో తయారైన లిడోకెయిన్‌తో ఈ పని చాలావరకు నొప్పి లేకుండా సాగుతుంది. బాగా వాచిన కింది దవడ పంటికి మాత్రం మొదటి ఇంజెక్షన్ చాలకపోవచ్చు. అప్పుడు ఓర్చుకోనక్కర్లేదు. చెయ్యెత్తి చెప్పండి, మరో మోతాదు ఇస్తారు. పై దవడ మొదటి పెద్ద పంటిలో తరచూ నాలుగో కాలువ దాగి ఉంటుంది. అది తప్పిపోతే నొప్పి తిరిగొస్తుంది. కష్టమైన పన్నయితే కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ అండ్ ఎండోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవారి దగ్గరికి వెళ్లడం మేలు.

చికిత్స అయిన దవడ పంటిలో పుప్పికి, లోపలికి దారి చేయడానికి చాలా భాగం అప్పటికే పోయి ఉంటుంది. తొడుగు లేకుండా వదిలేస్తే నమిలేటప్పుడు నిలువునా చీలిపోవచ్చు. వేరుదాకా చీలితే పీకడం తప్ప దారి ఉండదు. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి. తొడుగు ఖర్చు ఎంతో మొదటి రోజే అడిగి తెలుసుకోండి, అది వేయించుకునేదాకా చికిత్స పూర్తయిందని లెక్క వేయకండి.